మిరపకు మందు కన్నా ముందుచూపే రక్ష
పురుగు, కలుపు, వాన, నిబంధన.. నాలుగింటినీ కలిపి చూస్తేనే పల్నాడు రైతుకు మేలు

నరసరావుపేట: పల్నాడు నల్లరేగడి నేలల్లో మిరప సాగు అంటే ఏడెనిమిది నెలల కాపలా. జులైలో నారు పోసింది మొదలు, మార్చి, ఏప్రిల్‌ మాసాల్లో ఆఖరి కోత కాయ కల్లంలో ఎండే వరకు రైతుకు నాలుగు వైపుల నుంచి పోరు తప్పదు. ఒక వైపు రసం పీల్చే పురుగులు, మరో వైపు కలుపు. ఇంకో వైపు అదును తప్పిన వానలు, ముఖం చాటేసిన కాల్వ నీరు. ఇవన్నీ దాటుకుని పంట చేతికి వచ్చాక విపణిలో పురుగుమందుల అవశేషాల పరీక్ష.

ఈ నాలుగింటినీ వేర్వేరు సమస్యలుగా చూడటమే అసలు చిక్కు. గట్టు మీద వదిలేసిన కలుపు పురుగుకు నివాసమవుతుంది. వానకు నీరు నిలిచి నీరసించిన మొక్కను తెగులు తేలిగ్గా పట్టుకుంటుంది. ఆ పురుగుకు, తెగులుకు భయపడి కొట్టిన మందు కాయలో మిగిలి ధరను దెబ్బ తీస్తుంది. ఒక చోట జరిగిన అశ్రద్ధకు మరో చోట మూల్యం చెల్లించాల్సి వస్తోంది. గురజాల, మాచర్ల, వినుకొండ, సత్తెనపల్లి ప్రాంతాల్లో మిరపను నమ్ముకున్న కుటుంబాలకు ఈ లంకె తెలియడం ఎంతో అవసరం.

నల్ల తామర కొట్టిన దెబ్బ

2021-22 పంట కాలాన్ని ఇక్కడి రైతులు అంత తేలిగ్గా మరువలేరు. ఆ ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో పూత మీదున్న తోటలపై నల్ల తామర పురుగు విరుచుకుపడింది. అప్పటికి పల్నాడు ఉమ్మడి గుంటూరు జిల్లాలో భాగంగానే ఉంది. 2022 ఏప్రిల్‌ 4న నరసరావుపేట కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. ఒక్కో పువ్వులో పదుల సంఖ్యలో పురుగులు చేరి రసం పీల్చడంతో పూత రాలిపోయింది. నిలిచిన కొద్దిపాటి పిందె వంకర తిరిగింది. వారానికి రెండేసి సార్లు మందు కొట్టినా ఫలితం కనిపించక కొందరు రైతులు కాపు మీదున్న తోటలనే పీకేశారు, దున్నేశారు.

శాస్త్రవేత్తలు త్రిప్స్‌ పార్విస్పైనస్‌ అని పిలిచే ఈ పురుగు మన ప్రాంతానిది కాదు. ఆగ్నేయాసియా దేశాలు దీని పుట్టినిల్లు. మన దేశంలో తొలిసారిగా 2015లో బెంగళూరులో బొప్పాయిపై దీన్ని గుర్తించారు. అక్కడి నుంచి ఆరేళ్లలో మిరపకు పాకింది. మిరప ఒక్కటే దీనికి ఆహారం కాదు. బొప్పాయి, మామిడి పూత, వంగ, పత్తి, పూల మొక్కలు, చివరకు గట్ల మీది కలుపు మొక్కలు కూడా దీనికి ఆశ్రయమే. అందువల్ల మిరప లేని నెలల్లోనూ ఈ పురుగు ఊరు విడిచిపోదు.

మందు కొట్టినా ఎందుకు చావలేదు?

నాడు రైతులను వేధించిన ప్రశ్న ఇది. సమాధానం పురుగు జీవన విధానంలోనే ఉంది. తల్లి పురుగు మొక్క కణజాలంలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు, పెద్ద పురుగులు పూరేకుల మడతల్లో దాగి ఉంటాయి. కోశస్థ దశను పురుగు నేలలో గడుపుతుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి సుమారు రెండు వారాలు చాలు. అంటే ఈ రోజు పిచికారీ చేసిన మందు పైకి కనిపించే పురుగులను కొంతవరకు చంపినా, కణజాలంలోని గుడ్లకు, మట్టిలోని కోశస్థ దశకు తగలదు. నాలుగైదు రోజులకు మళ్లీ కొత్త పురుగులు పూతపైకి చేరతాయి. మందు పని చేయలేదనుకున్న రైతు మోతాదు పెంచుతాడు, లేదా మూడు నాలుగు మందులు కలిపి కొడతాడు.

అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. సింథటిక్‌ పైరిథ్రాయిడ్ల వంటి మందులు తామర పురుగుల కన్నా ముందు వాటిని తినే మిత్ర పురుగులను చంపుతాయి. సాలీళ్లు, అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, పువ్వుల్లోనే తిరుగుతూ తామర పురుగులను వేటాడే చిన్న నల్లులు తుడిచిపెట్టుకుపోతాయి. శత్రువు లేని చేలో పురుగు మరింత వేగంగా పెరుగుతుంది.

ఈ పాఠం గుంటూరు సీమకు కొత్తది కాదు. 1980వ దశకంలో పత్తిపై పైరిథ్రాయిడ్లు విచ్చలవిడిగా వాడిన తర్వాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ ఉప్పెనలా వచ్చింది. 1987-88లో శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగకుండా పత్తి చేలను ఊడ్చేసింది. అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్న ఆ రోజులు పెద్దల జ్ఞాపకాల్లో ఇంకా ఉన్నాయి. పత్తిలో తెల్లదోమ, మిరపలో నల్ల తామర. పంట మారింది, పురుగు మారింది. భయంతో మందు కొట్టే అలవాటు మాత్రం మారలేదు.

ముడతను బట్టి పురుగు

మిరపలో ముడత కనిపించగానే మందుల దుకాణానికి పరుగు తీయడం కన్నా ఒక నిమిషం ఆకును చూడటం మేలు. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా కనిపిస్తే అది సాధారణ తామర పురుగు పని. దీన్నే రైతులు పై ముడత అంటారు. అంచులు కిందికి ముడుచుకుని, తిరగేసిన పడవలా ఉండి, ఆకు కాడ సాగినట్లుంటే అది తెల్లనల్లి. ఇది కింది ముడత. తెల్లనల్లి పురుగు జాతికి చెందదు, సాలీడు కుటుంబానికి దగ్గరిది. కనుక తామర పురుగు మందు దీనిపై పని చేయకపోవచ్చు. కొన్ని పురుగుమందులు కొట్టిన చేలో నల్లి ఇంకా పెరుగుతుంది కూడా. ఆకులు చిన్నవై, ఈనెలు తేలి, పసుపు పచ్చగా మారి మొక్క గిడసబారితే అది వైరస్‌ తెగులు కావచ్చు. వైరస్‌కు మందు లేదు. దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ, పేనుబంక, తామర పురుగులను అదుపు చేయడం, తెగులు సోకిన మొక్కను తొలి దశలోనే పీకి చేను బయట తగలబెట్టడం లేదా పాతిపెట్టడం ఒక్కటే దారి.

నల్ల తామర ఉనికి ఆకులో కన్నా పువ్వులో ముందు తెలుస్తుంది. చేనులో అక్కడక్కడా పది, పదిహేను మొక్కలను ఎంచుకుని పువ్వులను తెల్ల కాగితంపై దులిపితే సన్నని నల్లని పురుగులు పరుగులు తీస్తూ కనిపిస్తాయి. వారానికి రెండుసార్లు ఈ పరీక్ష చేసి, లెక్క ఒక పుస్తకంలో రాసుకుంటే పురుగు పెరుగుతోందా, తగ్గుతోందా తెలుస్తుంది. ఇందుకు ఖర్చేమీ లేదు. అరగంట సమయం చాలు.

మందుకు ముందు చేయవలసినవి

నల్ల తామర ఉద్ధృతి తర్వాత ఉద్యాన, వ్యవసాయ శాస్త్రవేత్తలు చేసిన సూచనల సారాంశం ఒక్కటే. ఏ ఒక్క పద్ధతీ ఈ పురుగును ఆపలేదు. అన్నీ కలిపి చేస్తే అదుపులో ఉంటుంది.

- చేను చుట్టూ రెండు మూడు సాళ్లు జొన్న లేదా మొక్కజొన్న దట్టంగా వేయాలి. గాలివాటున వచ్చే పురుగుకు ఇది తడికలా అడ్డుపడుతుంది. మిత్ర పురుగులకు నీడనిస్తుంది.

- ఎకరాకు 25 నుంచి 30 వరకు నీలిరంగు జిగురు అట్టలను మొక్కల ఎత్తుకు కాస్త పైగా కట్టాలి. మొక్క ఎదిగే కొద్దీ అట్టలను పైకి జరపాలి. దుమ్ము పట్టి జిగురు ఆరిపోతే మార్చాలి. తెల్లదోమకైతే పసుపు అట్టలు పనికొస్తాయి.

- వెండిరంగు మల్చింగ్‌ షీటు వేసిన చేలో తామర పురుగులు మొక్కపై వాలడం తగ్గుతుంది. నేలలో కోశస్థ దశకు చేరడానికీ షీటు కొంత అడ్డు. కలుపు ఖర్చు కూడా కలిసి వస్తుంది.

- యూరియాను అవసరానికి మించి వేయరాదు. లేత ఆకు, మెత్తని చిగురు రసం పీల్చే పురుగులకు విందు భోజనమే. నత్రజనిని దఫదఫాలుగా వేసి, భూసార పరీక్షను బట్టి పొటాష్‌ ఇవ్వాలి.

- వేప సంబంధిత మందులు, బవేరియా వంటి శిలీంద్ర మందులు పురుగు తక్కువగా ఉన్నప్పుడే పని చేస్తాయి. చేతులు దాటాక వీటిని కొట్టి లాభం లేదు. శిలీంద్ర మందులను సాయంత్రం వేళ, తేమ ఉన్నప్పుడు కొట్టాలి. వాటితో పాటు తెగుళ్ల మందు కలిపితే ఆ శిలీంద్రమే చచ్చిపోతుంది.

ఇన్ని చేసినా పురుగు పెరుగుతుంటే రసాయన మందు తప్పదు. అప్పుడూ ఒక నియమం ఉంది. పేరు మారినంత మాత్రాన మందు మారినట్లు కాదు. ఇమిడాక్లోప్రిడ్‌, థయోమిథాక్సామ్‌, ఎసిటామిప్రిడ్‌ మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. స్పైనోశాడ్‌, స్పైనటోరమ్‌ ఒకే తరహాలో పని చేస్తాయి. ఒకటి కొట్టి ఫలితం లేదని అదే కుటుంబంలోని మరొకటి కొడితే పురుగుకు తట్టుకునే శక్తి పెరగడమే తప్ప ప్రయోజనం ఉండదు. డబ్బాపై వ్యాపార నామం కింద చిన్న అక్షరాల్లో ఉండే సాంకేతిక నామాన్ని చూసి కొనడం అలవాటు చేసుకోవాలి. ఒక పిచికారీకి, మరో పిచికారీకి కుటుంబం మార్చాలి.

కలుపు పంటకే కాదు, పురుగుకూ అండ

మిరప నాటిన తొలి నెలన్నర, రెండు నెలలు మొక్క నెమ్మదిగా ఎదుగుతుంది. ఆ సమయంలోనే గరిక, తుంగ, ఊద, గల్జేరు వంటి కలుపు దాన్ని మించిపోతుంది. ఎరువును, తేమను కాజేస్తుంది. ఎరువు ఖర్చులో కొంత భాగం కలుపు పాలవుతున్నట్లే.

పల్నాడులో ఇప్పటికీ అరకతో గుంటక తోలి, సాళ్లలో కూలీలతో కలుపు తీయించే పద్ధతి ఉంది. కూలి రేట్లు పెరగడం, అదునుకు మనుషులు దొరకకపోవడంతో కలుపు మందుల వాడకం పెరిగింది. నాటే సమయంలో నేలపై కొట్టే పెండిమిథాలిన్‌ తరహా మందు మొలకెత్తే గింజను మాత్రమే ఆపుతుంది. అప్పటికే ఎదిగిన తుంగ, గరికలపై దాని ప్రభావం శూన్యం. నేలలో తగినంత తేమ లేకపోయినా అది పని చేయదు. వేసవిలో లోతుగా దున్ని తుంగ గడ్డలను, గరిక వేళ్లను ఎండకు వదలడం వీటికి ఉత్తమ మార్గం. అదే దుక్కిలో నేలలో దాగిన పురుగుల కోశాలూ బయటపడి ఎండకు మాడిపోతాయి, పక్షులకు ఆహారమవుతాయి.

గట్ల మీద, కాల్వ ఒడ్డున, పోరంబోకుల్లో పెరిగే వయ్యారిభామ సంగతి వేరు. అది పూత దశకు రాకముందే పీకేయాలి. పొలంలో ఎంత శుభ్రం చేసినా, పక్కనున్న గట్టు మీద పూసిన కలుపు తామర పురుగుకు విడిదిగా మారుతుంది. ఇది ఒక్క రైతు చేసే పని కాదు. ఊరంతా ఒకే వారంలో గట్లు శుభ్రం చేస్తేనే ఫలితం.

అన్ని మొక్కలనూ చంపే గ్లైఫోసేట్‌ను మిరప సాళ్ల మధ్య కొట్టడం ప్రమాదకరం. గాలికి తుంపర మిరపపై పడితే మొక్క మాడిపోతుంది. ఈ మందును తెగుళ్ల నివారణ నిపుణుల ద్వారా మాత్రమే వాడాలంటూ కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు జారీ చేసిన సంగతి రైతులు గమనించాలి. కలుపు మందు కొట్టిన పంపుతోనే పురుగుమందు కొట్టడం కూడా తోటలు మాడిపోవడానికి ఒక కారణం. కలుపు మందుకు విడిగా పంపు ఉంచుకోవాలి.

మబ్బును చూసి పిచికారీ

పల్నాడు వాతావరణం విపరీతాలది. సాగర్‌ కుడి కాల్వ నీరు అందిన ఏడాది ఒక తీరు, అందని ఏడాది మరో తీరు. 1967లో నీరు విడుదలైన నాటి నుంచి నాగార్జునసాగర్‌ కుడి కాల్వ ఈ ప్రాంత సాగును మార్చివేసింది. అయితే కృష్ణకు వరద రాని సంవత్సరాల్లో చివరి భూములకు నీరు అందక, నాటిన మిరప బోర్లపై ఆధారపడుతుంది. తీవ్రమైన బెట్టలో తామర పురుగు, నల్లి పెరుగుతాయి. అలాంటి సమయంలో మందు కన్నా ఒక తడి నీరే ఎక్కువ మేలు చేస్తుంది. బిందు సేద్యం ఉన్న రైతుకు ఇక్కడే తేడా తెలుస్తుంది.

దానికి పూర్తి విరుద్ధమైనది తుపాను కాలం. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్‌ తుపాను మిరప కాపు మీదున్న సమయంలోనే వచ్చింది. నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు. ఒకటి రెండు రోజులు నిలిస్తే వేళ్లకు ఊపిరాడదు. మొక్క వడలుతుంది, వేరుకుళ్లు, ఎండు తెగుళ్లు పట్టుకుంటాయి. కాయపై మచ్చలు ఏర్పడి కుళ్లు వ్యాపిస్తుంది. ఆ కాయ ఎండాక తెల్లబారి తాలుగా మారుతుంది.

అందుకే చేను వేసేటప్పుడే మురుగు కాల్వ తీయాలి. తుపాను హెచ్చరిక వచ్చాక పలుగు, పార పట్టుకుంటే ఆలస్యమవుతుంది. ఎత్తు బోదెలపై నాటిన మొక్కకు ముంపు బెడద తక్కువ. వాన వెలిశాక ముందుగా నీటిని బయటకు తీయాలి. నేల ఆరాక గుంటక తోలి గాలి ఆడేలా చేయాలి. మొక్క తేరుకోవడానికి పొటాషియం నైట్రేట్‌ను లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున ఆకులపై పిచికారీ చేయవచ్చు. తెగులు మందు ఆ తర్వాతి మాట.

డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి, పొద్దున మంచు, పగటి పొడి వాతావరణం కలిసినప్పుడు ఆకు అడుగున తెల్లని పొడిలా బూడిద తెగులు కనిపిస్తుంది. ఆకులు రాలిపోతాయి. నీటిలో కరిగే గంధకం బూడిదకు, నల్లికి రెండింటికీ పని చేస్తుంది. కానీ ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు కొడితే ఆకు మాడుతుంది. మందు ఒక్కటే సరిపోదు, వేళ కూడా కుదరాలి.

భారత వాతావరణ శాఖ ప్రతి మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ సలహాలు విడుదల చేస్తుంది. 2019లో వచ్చిన మేఘదూత్‌ యాప్‌లో ఇవి తెలుగులో చదువుకోవచ్చు. రానున్న ఐదు రోజుల్లో వాన సూచన ఉంటే పిచికారీ వాయిదా వేయడం వల్ల ఒక్క రోజులోనే మందు, కూలి రెండూ మిగులుతాయి.

డబ్బాపై ఉన్నదే చట్టం

పురుగుమందుల విక్రయం, వాడకం 1968 నాటి కీటకనాశినుల చట్టం, 1971 నాటి నియమాల కింద నడుస్తాయి. వీటి ప్రకారం ప్రతి మందు ఏ పంటపై, ఏ పురుగుకు, ఎంత మోతాదులో వాడాలో నమోదై ఉంటుంది. పత్తికి అనుమతి ఉన్న మందు మిరపకు అనుమతి పొందినట్లు కాదు. డబ్బాతో పాటు ఇచ్చే కాగితంలో పంట పేరు, మోతాదు, చివరి పిచికారీకి, కోతకు మధ్య ఆగవలసిన రోజులు ఉంటాయి. చాలా మంది రైతులు ఆ కాగితాన్ని చేను గట్టునే పడేస్తున్నారు.

డబ్బాపై ఉండే త్రికోణపు రంగు విషతీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం. పసుపు అధిక విషం. నీలం మధ్యస్థం. ఆకుపచ్చ తక్కువ విషం. చదువు రాని కూలీకి సైతం ఈ రంగుల అర్థం చెప్పాలి.

ఒకప్పుడు చేలల్లో విరివిగా వాడిన కొన్ని మందులు ఇప్పుడు చట్టరీత్యా నిషిద్ధం. ఎండోసల్ఫాన్‌పై 2011 మేలో సుప్రీంకోర్టు నిషేధం విధించింది. మిథైల్‌ పెరాథియాన్‌ తదితర మందులను కేంద్రం 2018 ఆగస్టులో నిషేధించింది. అదే ఉత్తర్వు ప్రకారం ఫోరేట్‌, ట్రయజోఫాస్‌, డైక్లోర్వాస్‌ వాడకం 2020 డిసెంబరు 31తో ముగిసింది. పాత నిల్వ ఉందంటూ ఎవరైనా అంటగట్టజూస్తే తీసుకోరాదు.

'బయో' పేరిట వచ్చే సీసాల విషయంలో మరింత అప్రమత్తత అవసరం. పూత నిలుపుతుంది, ముడత విప్పుతుంది అంటూ అమ్మే జీవ ఉత్ప్రేరకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. నమోదు వివరాలు, తయారీదారు చిరునామా, గడువు తేదీ లేని సీసా కొనకూడదు. అలాంటి సీసాల్లో ఏ రసాయనం కలిసిందో తెలియదు. అది కాయలో మిగిలితే బాధ్యత రైతుపైనే పడుతుంది.

విత్తనం కొన్నా, మందు కొన్నా బ్యాచ్‌ లేదా లాట్‌ నంబరుతో కూడిన బిల్లు తప్పక తీసుకోవాలి. ఖాళీ ప్యాకెట్‌ను, కొద్దిపాటి విత్తనాన్ని పంట చేతికి వచ్చే వరకు దాచాలి. మొలక రాకపోయినా, మందు నకిలీదని అనుమానం వచ్చినా మండల వ్యవసాయాధికారికి, ఉద్యాన అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడానికి, వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించడానికి ఇవే ఆధారాలు. అప్పుగా తెచ్చుకున్న మందుకైనా బిల్లు అడగడం రైతు హక్కు.

ద్రాక్ష రైతు నేర్చుకున్న పాఠం

అవశేషాల సంగతి మనకెందుకు, గుంటూరు యార్డులో అమ్ముకుంటే సరిపోదా అని కొందరు అనుకుంటారు. యార్డుకు చేరిన కాయలో పెద్ద భాగం విదేశాలకు వెళ్తుంది. అక్కడ తిరస్కరిస్తే ఆ ప్రభావం ఇక్కడి ధరపైనే పడుతుంది.

మహారాష్ట్ర ద్రాక్ష రైతులకు ఇది అనుభవమే. 2003లో ఐరోపాకు వెళ్లిన మన ద్రాక్షలో పురుగుమందుల అవశేషాలు బయటపడటంతో అక్కడి విపణి దెబ్బతింది. ఆ తర్వాత ఎగుమతి తోటలను నమోదు చేసి, కోతకు ముందే నమూనాలు తీసి పరీక్షించే ఏర్పాటు వచ్చింది. 2006 నాటికి అది గ్రేప్‌నెట్‌ పేరుతో పూర్తి స్థాయి వ్యవస్థగా రూపుదిద్దుకుంది. ఏ పెట్టె ఏ తోట నుంచి వచ్చిందో చెప్పగలగడం దాని బలం. 2010లో మరో రసాయనం కారణంగా మళ్లీ ఇబ్బంది ఎదురైనా, ఆ వ్యవస్థ ఉండటం వల్లే ద్రాక్ష రైతులు నిలదొక్కుకోగలిగారు.

మిరపకు అంత బలమైన కట్టడి లేదు. అదే 2003లో మన కారంలో సుడాన్‌ అనే నిషిద్ధ రంగు కలిసినట్లు ఐరోపాలో బయటపడ్డాక, ఎగుమతి సరకుకు సుగంధ ద్రవ్యాల బోర్డు తప్పనిసరి పరీక్షలు పెట్టింది. కానీ పరీక్ష జరిగేది వ్యాపారి గోదాములో. తప్పు జరిగేది చేలో. పరిమితి ప్రత్యేకంగా నిర్ణయించని మందుకు ఐరోపా దేశాలు కిలోకు 0.01 మిల్లీగ్రాముకు మించి అనుమతించవు. పండు కాయ ఎండినప్పుడు బరువు మూడో వంతుకు, ఒక్కోసారి నాలుగో వంతుకు తగ్గుతుంది. నీరు ఆవిరైనా మందు అంతగా పోదు. అందుకే పచ్చికాయలో పరిమితిలో ఉన్న అవశేషం ఎండుకాయలో పరిమితి దాటే ప్రమాదం ఉంది. కోతకు ముందు ఆగవలసిన రోజులను పాటించడం మిరపలో మరింత ముఖ్యం కావడానికి కారణం ఇదే.

మిరపను ఒకేసారి కోయరు. రెండు మూడు కోతలు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ ఉంటాయి. ఒక కోతకు సిద్ధమైన పండు కాయపైనే తర్వాతి కాపు కోసం మందు కొడుతున్నారు. కోత పూర్తి చేసి ఆ తర్వాత పిచికారీ చేస్తే అవశేషం తగ్గుతుంది, కోత కూలీల ఆరోగ్యమూ నిలుస్తుంది.

కల్లంలోనూ కాపలా

చేలో గెలిచిన పంటను కల్లంలో పోగొట్టుకోవడం బాధాకరం. మట్టి నేలపై ఆరబోసిన కాయకు రాత్రి మంచుకు తేమ పట్టి బూజు చేరుతుంది. ఈ బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్‌ కాలేయానికి హానికరమైన విషం. ఐరోపా దేశాలు మసాలా దినుసుల్లో దీన్ని మొత్తం మీద కిలోకు 10 మైక్రోగ్రాములకు మించనివ్వవు.

కాయను సిమెంటు కల్లంపై లేదా శుభ్రమైన పట్టాలపై పలుచగా ఆరబెట్టాలి. సాయంత్రం పోగు చేసి కప్పాలి. తేమ 10, 11 శాతానికి వచ్చే వరకు బస్తాకు ఎత్తరాదు. తాలు కాయలను, మచ్చ కాయలను ముందే ఏరివేయాలి. తూకం పెరుగుతుందని, కాయ విరగదని నీళ్లు చల్లి బస్తా కట్టడం బూజుకు ఆహ్వానం పలకడమే. శీతల గిడ్డంగిలో నెలల తరబడి ఉంచే సరకుకు ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

మందు కొట్టే మనిషి

ఈ లెక్కలన్నిటిలో తరచూ మరిచిపోయేది పంపు మోసే మనిషిని. తైవాన్‌ పంపులు వచ్చాక పని వేగం పెరిగింది, తుంపర కూడా పెరిగింది. ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు, ఒంటినిండా దుస్తులు లేకుండా, గాలికి ఎదురుగా నడుస్తూ మందు కొట్టడం ప్రాణాలతో చెలగాటమే. మందు కలిపేటప్పుడు చేతితో తిప్పడం, మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదడం, మధ్యలో బీడీ, భోజనం ముట్టడం మానుకోవాలి.

తల తిరగడం, వాంతులు, చూపు మసకబారడం, చెమటలు పట్టడం కనిపిస్తే పని ఆపి, బట్టలు మార్చి, ఒళ్లు సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందు డబ్బాను వెంట తీసుకెళ్లడం మరువరాదు. ఏ మందుకు ఏ విరుగుడు అన్నది దానిపైనే రాసి ఉంటుంది. వైద్యుడికి ఆ సమాచారం ప్రాణం నిలిపే సాయం. ఖాళీ డబ్బాలను ఇంటి అవసరాలకు వాడకూడదు. కాల్వలో పడేయకూడదు.

కౌలు రైతుకు రెట్టింపు భారం

పల్నాడులో మిరప వేసేవారిలో కౌలు రైతులు ఎందరో ఉన్నారు. పంట పండినా ఎండినా కౌలు చెల్లించక తప్పదు. పెట్టుబడికి, మందులకు దుకాణంలో ఖాతా తెరిచిన రైతుకు ఏ మందు కొట్టాలో నిర్ణయించే స్వేచ్ఛ కూడా తగ్గిపోతోంది. అప్పు ఇచ్చిన చోటే సలహా తీసుకోవాల్సిన పరిస్థితి.

పంట దెబ్బతిన్నప్పుడు బీమాకైనా, పెట్టుబడి రాయితీకైనా ఈ-పంట నమోదే ఆధారం. రైతు సేవా కేంద్రంలో పంట పేరు, విస్తీర్ణం తన పేరిట నమోదయ్యాయో లేదో చూసుకోవాలి. సాగు చేస్తున్న వ్యక్తికి 11 నెలల కాలానికి సాగు హక్కు పత్రం ఇచ్చేందుకు 2019లో రాష్ట్రంలో చట్టం వచ్చింది. అయినా భూయజమాని సంతకం లేక పత్రం అందని వారు ఎందరో. భూమి ఎవరి పేరిట ఉన్నా, పంట ఎవరు వేశారో నమోదు కాకపోతే నష్టపోయిన రైతు సాయానికి దూరమవుతాడు.

ధర పడిపోయిన సంవత్సరంలో ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే రైతు చేతిలో ఉన్న మార్గం. 2025 ఫిబ్రవరిలో మిరప ధరలు పతనమైనప్పుడు కేంద్రం విపణి జోక్యం పథకం కింద క్వింటాలుకు రూ.11,781 ధరను ప్రకటించింది. ఉదాహరణకు ఒక పిచికారీకి మందు, కూలి కలిపి ఎకరాకు రూ.2 వేలు అవుతుందనుకుందాం. అవసరం లేని ఐదు పిచికారీలు మానుకుంటే రూ.10 వేలు మిగులుతాయి. ఆ ధరకు లెక్కగడితే అది దాదాపు 85 కిలోల ఎండు మిరపకు సమానం. అదనంగా పండించకుండానే అంత ఆదాయం చేతికి వచ్చినట్లు.

నెలవారీగా గుర్తుంచుకోవలసినవి

- ఏప్రిల్‌, మే: ఆఖరి కోత కాగానే మోళ్లను తొలగించాలి. చేలో వదిలేస్తే పురుగు అక్కడే తలదాచుకుంటుంది. వేసవి దుక్కి లోతుగా దున్నాలి. భూసార పరీక్ష చేయించాలి.

- జూన్‌, జులై: ఊరంతా కలిసి గట్ల మీద వయ్యారిభామ తొలగించాలి. బిల్లుతో విత్తనం కొనాలి. నారుమడికి దోమ చొరబడని నైలాన్‌ వల కట్టాలి.

- ఆగస్టు, సెప్టెంబరు: మురుగు కాల్వలు తీసి బోదెలపై నాటాలి. చుట్టూ జొన్న వేయాలి. ఈ-పంట నమోదు చేయించుకోవాలి.

- అక్టోబరు, నవంబరు: జిగురు అట్టలు కట్టాలి. వారానికి రెండుసార్లు పువ్వు దులిపి చూడాలి. తుపాను సూచనలు గమనించాలి.

- డిసెంబరు నుంచి మార్చి: కోత ముగిశాకే పిచికారీ చేయాలి. ఆగవలసిన రోజులు పాటించాలి. కాయను పట్టాలపై ఆరబెట్టి, తాలు ఏరి, తేమ చూసి బస్తాకు ఎత్తాలి.

ఈ పనుల్లో సగానికి పైగా రూపాయి ఖర్చు లేనివే. మిగిలినవి ఒక్కో అనవసర పిచికారీ ఖర్చుతో తీరేవి. నల్ల తామర మళ్లీ ఎప్పుడు ఉద్ధృతంగా వస్తుందో, తుపాను ఏ నెలలో తీరం దాటుతుందో రైతు చేతిలో లేదు. గట్టు శుభ్రం చేయడం, పువ్వు దులిపి చూడటం, డబ్బాపై రాసింది చదివించుకోవడం, బిల్లు దాచుకోవడం మాత్రం అతని చేతిలోనే ఉన్నాయి.